ముందు నీళ్ళకు దారి, తర్వాత మొక్కలకు తావు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుకు వస్తుంది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని చెప్పిన తీర్పు అది. దాని మీద మాట్లాడడానికి నాకన్న సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు జి.ఓ.ల జోలికి పోవద్దు, ఇంటికి పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. అందువల్ల ఇంటి పక్కన కట్టుకునే ఎత్తు తొట్టి గురించి, అంటే మొక్కలు పెంచుకునే పెద్ద కట్టుడు తొట్టి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ దీనివల్ల ఇళ్ళు బీటలు వారడం, ఇరుగుపొరుగు మాటలు మానుకోవడం మన కళ్ళ ముందే జరుగుతున్నది.

మన వయస్సు వారికి ఎత్తు తొట్టి మీద మనసు పోవడం సహజం. ఉద్యోగంలో ఉన్నంతకాలం మొక్కలకు నీళ్ళు పోయడానికి తీరిక లేదు. తీరిక దొరికేసరికి మోకాళ్ళు మొండికేశాయి. నేల మీద మడి చేస్తే గొంతుక్కూర్చోవాలి, కలుపు తీయాలంటే నడుము వంచాలి, లేవాలంటే ఎవరో చేయి అందించాలి. అదే మట్టిని రెండున్నర అడుగుల ఎత్తుకు తెచ్చుకుంటే నిలబడే పని చేసుకోవచ్చు, కుర్చీ వేసుకుని కూర్చునీ చేసుకోవచ్చు. నాలుగు ఆకుకూరలు, ఒక కరివేప, ఒక మల్లె. ఉదయం గంటసేపు చేతికి పని, మనసుకు నెమ్మది. ఇంతవరకు అందరూ ఒప్పుకునే మాటే.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, తొట్టి కట్టే రోజున మనం మొక్కల గురించి ఆలోచిస్తాం, ఇటుకల గురించి బేరం చేస్తాం, నీళ్ళ గురించి ఆలోచించం. రోజూ పోసే నీళ్ళు ఎటు పోవాలి? వానాకాలంలో ఆ తావులో పారే నీళ్ళకు ఈ తొట్టి అడ్డం వస్తుందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తర్వాతే మొదటి ఇటుక పెట్టాలి. నేను ఈ పూట చెప్పదలచుకున్నది అంతా ఇంతే. మిగతాది వివరణ.

మనలో చాలామందికి ఉన్న ఇల్లు గ్రాట్యుటీ, కమ్యుటేషను, జి.పి.ఎఫ్. సొమ్ములతో కట్టుకున్నది, లేదా పెద్దలు ఇచ్చిన దాన్ని ఆ సొమ్ములతో బాగు చేయించుకున్నది. ఆ సొమ్ము ఒక్కసారే వస్తుంది. పునాదికి దెబ్బ తగిలితే రెండోసారి బాగు చేయించడానికి మనకు వేరే పద్దు లేదు. అందుకే కొంచెం ముందుచూపు అవసరం.

ముందుగా మన నేల సంగతి. సంజామల, కోవెలకుంట్ల, నంద్యాల ప్రాంతమంతా ఎక్కువ భాగం నల్లరేగడి. శనగకు, జొన్నకు, పత్తికి బంగారం లాంటి నేల. ఇంటికి మాత్రం అది నమ్మదగిన నేస్తం కాదు. ఈ మట్టిలో ఉండే ఒక రకం బంకపదార్థం నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం చేలో చెయ్యి దూరేంత నెర్రెలు మనం చూసినవే. గోడ కింద కూడా ఉన్నది ఆ మట్టే. ఇంటి నాలుగు వైపులా ఒకే తీరుగా తడిసి ఒకే తీరుగా ఆరితే ఇల్లు ఎలాగో సర్దుకుంటుంది. ఒక వైపు మాత్రమే ఏడాది పొడవునా తడిగా ఉండి, మిగతా మూడు వైపులా ఎండిపోతే, ఆ ఒక్క వైపు నేల పైకి లేస్తుంది. అప్పుడే కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట మొదలవుతుంది. రేగడి నేలల్లో భవనాలు నిలబడడానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేకమైన పైల్ పునాదులను రూపొందించారంటే, సమస్య ఎంతటిదో ఊహించుకోవచ్చు. మన ఇళ్ళకు అలాంటి పునాదులు ఎన్నింటికి ఉన్నాయి? అటువంటి ఇంటి గోడకు ఆనించి ఒక తొట్టి కట్టి, దానికి రోజూ రెండు పూటలా నీళ్ళు పోయడమంటే, ఆ ఒక్క వైపు పునాదికి మనమే రోజూ నీళ్ళు పెట్టినట్లు.

మన పాత మిద్దెలు కట్టిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. కప్పు మీద చవుడు పోసి, వానాకాలానికి ముందు మళ్ళీ కొత్త చవుడు పరిచి, మిద్దె మీద పడిన నీళ్ళు ఒక వైపుకు చేరేటట్లు వాలు పెట్టి, దోనెల ద్వారా గోడకు దూరంగా పడేటట్లు చేసేవారు. దోనె ఎంత పొడుగ్గా బయటికి చొచ్చుకు వచ్చి ఉండేదో గుర్తు చేసుకోండి. ఆ పొడుగు అందం కోసం కాదు. నీళ్ళు గోడ మొదట్లో పడకూడదని. వీధి అరుగు కూడా ఇంటి వైపు ఎత్తుగా, వీధి వైపు కొంచెం పల్లంగా ఉండేది. బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే వాకిట్లోకి పోవాలే తప్ప గడపవైపు రాకూడదు. "నీరు పల్లమెరుగు" అన్న సామెత వాళ్ళకు నోటిమాట కాదు, చేతిపని.

ఎత్తు తొట్టిని నేను ఒక చిన్న కట్ట అంటాను. ఇరవై అడుగుల పొడవున రెండున్నర అడుగుల ఎత్తు గోడ లేపామంటే కట్ట వేసినట్లే. కట్ట వేసినవాడు అడ్డంగా వచ్చే నీటికి దారి చూపాలి. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు మన సంజామల మీదుగా రైలుమార్గం వేశారు, 2016లో రైళ్ళు నడవడం మొదలైంది. ఆ కట్టకు అక్కడక్కడా తూములు వదిలారు. అవి లేకపోతే పై చేల వాననీరు కట్టకు ఇవతల చెరువు కట్టేది. కర్నూలులో కె.సి. కాలువకు హంద్రీ నది అడ్డం వస్తే, నదిని ఆపకుండా దాని మీదుగా వంతెన లాంటి కట్టడంలో కాలువను దాటించారు. పెద్ద పెద్ద ఇంజనీర్లు పాటించిన ఆ నియమమే మన ఇంటి పక్క తొట్టికీ వర్తిస్తుంది. మనం కట్టేది ఎంత చిన్నదైనా, అంతకుముందే అక్కడ ఉన్న నీటి దారికి హక్కు ఎక్కువ.

ఇంకొక మంచి ఉదాహరణ మహానంది కోనేరు. ఊట నీరు ఎడతెగకుండా వస్తూ ఉంటుంది, వచ్చినంతా బయటికి పోతూ ఉంటుంది. అందుకే నీటిమట్టం మారదు, అడుగున వేసిన నాణెం కనబడేంత తేటగా ఉంటుంది. వచ్చే దారి ఉండి పోయే దారి లేకపోతే అది కోనేరు కాదు, మురుగు గుంట. అయితే పోయే దారి చాలనంత వాన వస్తే ఎంతటి చోటుకైనా తిప్పలు తప్పవు. 2019 సెప్టెంబరులో కుండపోత వానలకు కుందూ పొంగినప్పుడు మహానంది ఆలయంలోకే నీళ్ళు వచ్చాయి. కాబట్టి దారి పెట్టేటప్పుడు మామూలు వానకు సరిపోతుందిలే అనుకోకుండా, పెద్ద వానను దృష్టిలో పెట్టుకోవాలి.

పెద్ద వాన అంటే ఎంత నీరో లెక్క చెబుతాను. గుమాస్తాగిరి చేసినవాణ్ణి, లెక్క లేకుండా మాట్లాడితే నాకే తోచదు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక అంగుళం వాన పడితే సుమారు 2,300 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు 115 అన్నమాట. అదంతా ఒక్క గొట్టం గుండా ఒక్క మూలన దిగితే, ఆ మూలన మన తొట్టి ఉంటే, ఏమవుతుందో మీరే చెప్పండి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో అదే జరిగింది. నా మిత్రులొకరు, విశ్రాంత ఉపాధ్యాయులు. ఈ సంగతి సభలో చెప్పడానికి వారి అనుమతి తీసుకున్నాను, పేరు మాత్రం చెప్పను. వారి ఇంటికీ పక్క ఇంటికీ మధ్య సందు ఉంది. తొట్టి కట్టాలనుకున్నప్పుడు బేల్దారి, "ఇంటి గోడ ఎటూ ఉంది కదా సార్, మూడు పక్కలే లేపుతాం, ఇటుక కలిసొస్తుంది" అన్నాడు. ఇటుక కలిసొచ్చింది. సందులో గోడకు ఆనించి ఇరవై నాలుగు అడుగుల తొట్టి లేచింది. తొట్టి నిండా పొలం నుంచి తెచ్చిన నల్లమట్టి పోశారు. మిద్దె గొట్టం కూడా ఆ సందులోకే దిగుతుంది. మొదటి ఏడాది మల్లె విరగబూసింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

రెండో వానాకాలంలో పడకగది గోడకు మోకాలి ఎత్తున నెమ్ము తేలింది. సున్నం పెచ్చులు రాలాయి. సిమెంటు పూత వేయించి రంగు కొట్టించారు. మూడు నెలలకు నెమ్ము ఆ పూతకు పైన, నడుము ఎత్తున కనిపించింది. తడి గోడకు పైన మూత వేస్తే తడి పోదు, ఇంకా పైకి ఎక్కుతుంది. ఆ గదిలో పడుకునే ఇల్లాలికి ఉబ్బసం ఉంది. గోడకు బూజు పట్టిన దగ్గర నుంచి రాత్రిళ్ళు ఆయాసం పెరిగింది. ఇటు తొట్టి అడ్డం రావడంతో సందులో వాన నీళ్ళు పోయే దారి సన్నబడి, పక్కింటి గోడను ఒరుసుకుంటూ పారడం మొదలైంది. పక్కింటాయన వచ్చి, "అన్నా, మా గోడ నానిపోతాంది, నీ తొట్టి నీళ్ళే అనుకుంటా" అన్నాడు. మన మిత్రుడు, "నా తొట్టికీ నీ గోడకూ మధ్య తావుంది కదప్పా, నీళ్ళేమైనా ఎగిరొస్తాయా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళ పరిచయం. పెళ్ళిళ్ళలో ఒకరి ఇంటి పందిరి రాటలు మరొకరి వాకిట్లో పాతుకున్నవాళ్ళు. ఆ మాట తర్వాత ఏడాదిన్నర మాటల్లేవు.

చివరికి కొడుకు సెలవు మీద వచ్చి చూసి, తొట్టిని విప్పించాడు. ఇంటి గోడకు ఆనుకున్న మట్టి తీస్తే, గోడ అడుగున చెదల పుట్టలు. పెద్దవాన రోజున ఇద్దరు ఇంటివాళ్ళూ గొడుగులు పట్టుకుని సందులో నిలబడి నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూశారు. మాటలు కలవడం అక్కడే మొదలైంది. ఇద్దరూ ఖర్చు పంచుకుని సందు పొడవునా నాపబండలతో ఒకే కాలువ వేయించుకున్నారు. తొట్టిని ఇంటి ముందు ఖాళీ తావులో, గోడకు దూరంగా మళ్ళీ కట్టారు. పడకగది గోడను ఒక ఎండాకాలమంతా పూత లేకుండా ఆరనిచ్చి, తర్వాత పూత వేయించారు. నెమ్ము తగ్గింది. కిటికీ కింద బీట మాత్రం మిగిలింది. ఇందులో మొదటి పాఠం ఏమిటంటే, కొన్ని తావులు తొట్టికి పనికిరావు. ఇరుకు సందు అటువంటిది. అక్కడ మొక్కలు కావాలంటే కుండీలు పెట్టుకోండి, అవసరమైనప్పుడు జరపవచ్చు.

ఇక కట్టదలచిన వారికి వరుసగా చెబుతాను.

తావు నిర్ణయించే ముందు ఒక వానను చూడండి. ఉరుములు మెరుపులు లేనప్పుడు గొడుగు పట్టుకుని, చెప్పులు జారకుండా, ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి. నీరు ఎక్కడ నిలుస్తోంది, ఏ మూల నుంచి ఏ మూలకు పోతోంది, చివరికి ఏ మోరీలో కలుస్తోంది అన్నది ఒక కాగితం మీద బాణం గుర్తులతో గీసుకోండి. మీ వయస్సుకు అది ప్రమాదం అనుకుంటే మనుమణ్ణి పంపండి. వాన రాకపోతే నాలుగు బిందెల నీళ్ళు పోసి చూడండి. ఈ కాగితం మన తొట్టి ఫైలులో మొదటి పేజీ. అది లేకుండా బేల్దారిని పిలవవద్దు.

తొట్టికీ ఇంటి గోడకూ మధ్య కనీసం మూడు అడుగులు వదలండి. చీపురు పట్టుకుని మనిషి నడవగలగాలి. తొట్టికి నాలుగు గోడలూ తనవే ఉండాలి, ఇంటి గోడను అప్పు తీసుకోకూడదు. రేగడి నేల మీద తొట్టి ఒక తీరుగా, ఇల్లు ఒక తీరుగా కదులుతాయి. రెండింటినీ కలిపి కట్టామంటే కదలికకు ఎక్కడో ఒక చోట బీట రాక తప్పదు. ఆ మూడు అడుగుల తావులో గరుసు పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైన నాపబండలు పరిపించండి. ఇంటి వైపు ఎత్తు, తొట్టి వైపు పల్లం. మూడు అడుగులకు ఒకటింబావు అంగుళం వాలు చాలు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంటి నుంచి దూరంగా వాలు పెట్టాం, మంచిదే. ఆ నీరు పారి వచ్చి తొట్టి గోడకు తగులుతుంది. తగిలి ఎక్కడికి పోవాలి? అందుచేత తొట్టి మొదట్లో, దాని పొడవునా, జానెడు వెడల్పు కాలువ ఉండాలి. ఇరవై అడుగుల పొడవుకు ఆ చివర నుంచి ఈ చివరకు రెండున్నర అంగుళాలు పల్లం ఉంటే నీరు నిలవకుండా పోతుంది. ఒకవేళ మీ తావులో నీరు సహజంగా తొట్టికి అడ్డంగా పారేది అయితే, ఇరవై అడుగుల తొట్టి ఒకటి కట్టకండి. తొమ్మిది అడుగులవి రెండు కట్టి, మధ్యలో రెండు అడుగులు ఖాళీ వదలండి. ఆ ఖాళీయే తూము. మీరు అటూ ఇటూ నడవడానికి కూడా వీలు.

మిద్దె మీది గొట్టాన్ని తొట్టిలోకి గానీ, ఆ మూడు అడుగుల తావులోకి గానీ వదలవద్దు. గొట్టం పొడిగించి నేరుగా మోరీకి, లేదా ఇంటికి దూరంగా తవ్విన ఇంకుడు గుంతకు చేర్చండి. ఇంకుడు గుంత మంచిదే గాని, రేగడి నేలలో గోడ పక్కన మంచిది కాదు.

తొట్టి పునాది కోసం పైన ఉన్న నల్లమట్టిని ఒక అడుగు తీసివేసి, గరుసు పొరలు పొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టించండి. వదులుగా కంకర మాత్రం పోయించవద్దు. చుట్టూ ఉన్న రేగడి నీటిని ఇంకనివ్వదు, మధ్యలో కంకర గుంట నీటిని పట్టి ఉంచుతుంది. అంటే మనకు తెలియకుండా భూమిలో ఇంకొక తొట్టి కట్టినట్లవుతుంది.

గోడలు తొమ్మిదంగుళాల ఇటుకతో కట్టుకోవచ్చు. లేదా మన బనగానపల్లె, బేతంచెర్ల నాపరాళ్ళు ఉండనే ఉన్నాయి. మొత్తం ఎత్తు రెండున్నర అడుగులు అనుకుంటే, కింది అడుగు భాగం గరుసుతో నింపి దిమ్మిస చేసి, దాని మీద సిమెంటు అడుగు పోయండి. పైన అడుగున్నర లోతు మట్టికి. ఆకుకూరలకు, మల్లెకు, మందారానికి ఆ లోతు చాలు. ఇలా చేయడంలో ఉన్న లాభం ఏమిటంటే, నీళ్ళు పోయే రంధ్రాలు నేలకు అడుగు ఎత్తున ఉంటాయి. కారుతున్నాయా, పూడుకుపోయాయా అన్నది కళ్ళకు కనిపిస్తుంది. నేల మట్టంలో పెట్టిన రంధ్రం పూడుకుంటే మనకు తెలిసేసరికి మొక్క చచ్చిపోతుంది. సిమెంటు అడుగుకు ఇంటికి అవతలి వైపు ఒక అంగుళం వాలు పెట్టి, ఆ వైపు గోడలో నాలుగు అడుగులకు ఒకటి చొప్పున రెండంగుళాల గొట్టం ముక్కలు అమర్చండి. అవి కారే చోట కింద చిన్న బండ కాలువ వేసి మోరీకి కలపండి.

ఈ రంధ్రాల విలువ చాలామంది గుర్తించరు. ఇరవై అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు అంటే 90 ఘనపుటడుగుల మట్టి. తడిసిన మట్టి ఘనపుటడుగు సుమారు 50 కిలోలు. మొత్తం నాలుగున్నర టన్నులు. నీరు పోయే దారి ఉంటే గోడలను పక్కలకు తోసే బలం ఒక మాదిరిగా ఉంటుంది. దారి మూసుకుపోయి లోపల నీరు నిండితే ఆ బలం రెట్టింపుకు చేరుతుంది. తొట్టి గోడలు పొట్ట ఉబ్బి పగిలేది అందుకే. పసిపిల్లలు ఆడుకునే చోట ఇది చిన్న విషయం కాదు.

బాబిలోను వేలాడే తోటలు నిజంగా ఉన్నాయా లేవా అన్నది పండితులు తేల్చుకోవలసిన సంగతి. వాటిని వర్ణించిన డయోడరస్ అనే గ్రీకు చరిత్రకారుడు మాత్రం పూల గురించి కన్నా మట్టి కింది పొరల గురించే శ్రద్ధగా రాశాడు. తారు పట్టించిన రెల్లు, దాని మీద కాల్చిన ఇటుక రెండు వరుసలు, దాని మీద సీసపు రేకు, ఆ పైన మట్టి. తడి కిందికి దిగి కట్టడాన్ని తినేయకూడదన్న భయం రెండు వేల ఏళ్ళ కిందటి వారికీ ఉంది. మనకు సీసపు రేకు అక్కర లేదు. తొట్టి లోపలి వైపు నీరు పట్టని మందు కలిపిన సిమెంటు పూత రెండు సార్లు వేయిస్తే చాలు.

మట్టి నింపే ముందు అడుగున అరడుగు కంకర పోయడం ఒక అలవాటు. దానివల్ల నీరు బాగా దిగుతుందని నమ్మకం. నిజానికి సన్నమట్టిలోని నీరు గరుకు కంకరలోకి తేలికగా దిగదు. మట్టి పూర్తిగా నీటితో నిండిన తర్వాతే దిగుతుంది. కాబట్టి కంకర పోస్తే, వేళ్ళకు దక్కవలసిన లోతు తగ్గి, తడి ఇంకా పైకి వస్తుంది. నమ్మకం లేకపోతే ఇంట్లో గిన్నెలు తోమే స్పాంజిని తడిపి పడుకోబెట్టి పట్టుకోండి. చుక్కలు ఆగిన తర్వాత దాన్నే నిలువుగా తిప్పండి, మళ్ళీ నీళ్ళు కారతాయి. మట్టి లోతు ఎక్కువైతే నీరు బాగా దిగుతుందన్నమాట. అందుచేత కంకర రంధ్రాల నోటి దగ్గర మాత్రం గుప్పెడు గుప్పెడు పెట్టి, మట్టి కొట్టుకుపోకుండా నైలాను జాలీ వేయండి. మిగతా అంతా మట్టే.

మట్టి అంటే పొలం నల్లమట్టి కాదు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. పచ్చి పేడ వేయవద్దు. గట్టు కన్నా రెండు అంగుళాలు తక్కువగా నింపండి. గట్టు మీద గరుకు నాపబండ వేయించండి, నునుపు చేసిన బండ తడిస్తే చేయి జారుతుంది. ఇంటి వైపు గట్టు కన్నా అవతలి గట్టు అంగుళం తక్కువ ఎత్తులో ఉంచండి. ఎప్పుడైనా కుండపోత వానకు పొంగితే ఆ నీరు ఇంటి వైపు రాకుండా అటే పోతుంది.

మొక్కల విషయంలో కూడా గోడను తలచుకోండి. తులసి, మల్లె, నందివర్ధనం, మందారం, చుక్కకూర, తోటకూర, గోంగూర హాయిగా పెరుగుతాయి. కరివేపను ఏటా కత్తిరిస్తూ ఉండాలి. వేప, రావి, బాదం, మునగ ఈ తొట్టిలో వద్దు. వేళ్ళు గోడను పగలగొట్టడం ఒక్కటే కాదు, పెద్ద చెట్టు ఎండాకాలంలో రేగడి నేలలోని తడినంతా లాగేస్తుంది, నేల కుంగుతుంది. తడి ఎక్కువైనా కష్టమే, ఒక్కసారిగా తగ్గినా కష్టమే. మల్లెపందిరికి రాటలు వేరే పాతండి, ఇంటి గోడకు మేకులు కొట్టవద్దు.

నీళ్ళు గడియారం చూసి పోయకండి. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట మానండి. వారానికొకసారి కాలువ ఊడ్చి ఆరనివ్వండి. డెంగ్యూ తెచ్చే దోమ తేట నీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. శుక్రవారం పొడిదినం అని ఆరోగ్యశాఖ వారు చెప్పేది అందుకే. ఏటా జూను రాకముందే బండల సందులు చూసి, నేల కదలికకు విడిపోయిన చోట మళ్ళీ సిమెంటు పట్టించండి.

ఇప్పటికే గోడకు ఆనించి కట్టిన వారు కంగారుపడవలసిన పని లేదు. గోడ లోపలి వైపు చేత్తో తడిమి చూడండి. చల్లగా, చెమ్మగా ఉన్నా, ఉప్పు తేలినట్లు తెల్లటి పొడి రాలుతున్నా, పునాది దగ్గర చెదల మట్టి గీతలు కనిపించినా ఆలస్యం చేయవద్దు. ముందు నీళ్ళు ఆపండి, మట్టి తీయించండి, గోడను ఆరనివ్వండి, ఆ తర్వాతే పూత సంగతి చూడండి. బీట పెరుగుతోందా అన్న అనుమానం ఉంటే దాని కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. రెండు నెలల తర్వాత గీత దాటితే ఇంజనీరుకు చూపించండి.

ఇక పొరుగువారి మాట. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇళ్ళ తగాదాల అధ్యాయం ఉంది. ఇంటి నీళ్ళు పోయే కాలువకు తగిన వాలు ఉండాలని, పొరుగు తావుకు ఇంత దూరం వదలాలని నిర్ణయించి, మీరినవారికి 54 పణాల జరిమానా రాశాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో కూడా ఎగువ నేల మీద సహజంగా పడిన నీరు దిగువ నేల మీదుగా సహజంగా పారనివ్వాలన్న హక్కును ఉదాహరణగా చెప్పారు. సహజంగా పారేది వేరు, మనం కట్ట కట్టి మళ్ళించేది వేరు. అలాగే వీధి మోరీ, దాని గట్టు పంచాయతీవి. తొట్టి గోడ అక్కడికి జరిపి కట్టామంటే రేపు విప్పమన్నప్పుడు మనకు జవాబు ఉండదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆక్రమణల నోటీసులు టైపు చేసిన చేతులు మనవి. ఆ నోటీసు మన పేరున రాకూడదు. చట్టం దాకా పోనవసరం లేకుండా, కట్టే ముందు పొరుగువారిని పిలిచి మీ బాణాల కాగితం చూపించండి. "మా నీళ్ళు ఇటు పోతాయి, మీకేమైనా ఇబ్బందా?" అని ఒక్క మాట అడగండి. ఆ మాటకు ఖర్చు లేదు. అడగకపోతే దాని ఖర్చు ఎంతో మా ఉపాధ్యాయ మిత్రుణ్ణి అడగండి.

మన పొరుగున కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు ఉన్నాయి. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ దారులన్నీ సున్నపురాతిని నీరు తొలిచి చేసినవి. తొందర లేకుండా రాతినే తొలిచే నీటికి మన ఇటుక గోడ ఎంత? దానితో పోరాడలేం. దారి చూపిస్తే మాత్రం అది మన మాట వింటుంది. దారి చూపించి, ఆపైన మల్లె నాటుకోండి. మీ మోకాళ్ళకు విశ్రాంతి, గోడకు పొడి, పొరుగుతో పొందు మూడూ దక్కుతాయి.

 ఈ సంచిక ఇంటికి తీసుకెళ్ళిన తర్వాత, తొట్టి కట్టే ఆలోచనలో ఉన్న పిల్లలకు కూడా ఒకసారి చదివి వినిపించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

— ఒక విశ్రాంత గుమాస్తా, సంజామల